గోధుమ రవ్వ నింపిన తూటా

వెండెల్ గురి తప్పాడంటే తప్పు ఆర్డిత్‌ది. ఆ వాగు పొడుగునా పశువులు పెంచుకునే కుటుంబాలన్నిటికీ ఈ సంగతి తెలుసు, ఎందుకంటే వెండెల్ దాన్ని గుట్టుగా ఉంచే మనిషి కాదు. తూటాలో మందు ఒక పలుకు ఎక్కువైంది, అది ఆర్డిత్ చెయ్యి. ఇత్తడి తొడుగు లోపల చమురు తుడవలేదు, అది ఆర్డిత్ బద్ధకం. గుండు వెంట్రుకవాసి లోతుగా కూర్చుంది, అది ఆర్డిత్ కళ్ళు. చర్చి మెట్ల మీద, పశువుల వేలం దగ్గర, కాఫీ హోటల్లో, నలుగురు మగవాళ్ళు ఎక్కడ నిలబడితే అక్కడ పెళ్ళాం చేతుల మీద జోకులే. అందరూ నవ్వేవాళ్ళు. తక్కిన వాళ్ళంతా ఎవరి తూటాలు వాళ్ళే చేసుకుంటారన్న మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు.

మోంటానాలో ఆ తూర్పు మూల, కొట్లో కొన్న తూటాలతో వెయ్యి గజాల పోటీకి వెళ్ళడమంటే అద్దె కోటు వేసుకుని పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు. పేలిన తొడుగులు ఏరుకొచ్చి, కడిగి, మెడ సరిచేసి, అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ గుచ్చి, మందు తూచి పోసి, పైన గుండు బిగించి, ఎవరి రైఫిల్‌కి నప్పే తూటాను వాళ్ళు తయారు చేసుకోవాలి. అది నప్పిందో లేదో వెయ్యి గజాల దూరాన టార్గెట్ చెప్తుంది. పది తూటాలు పేలిస్తే పది చిల్లులూ ఒక పళ్ళెం కింద దాగాలి. వెండెల్ పేలిస్తే ఏడో ఎనిమిదో దాగేవి. మిగిలినవి ఎడమవైపు కిందకి, ఎవరో పట్టి లాగినట్టు పోయేవి.

పెళ్ళైన కొత్తలో ఆర్డిత్ ఆ తిట్లను నమ్మింది. చలికాలమంతా వెనక గదిలో త్రాసు ముందు కూర్చుని, తన తప్పేమిటో వెతుక్కుంది. వెండెల్ గుమ్మంలో నిలబడి హుకుం జారీ చేసేవాడు: మందు పెంచు, మందు తగ్గించు, గుండు లోతుగా కూర్చోబెట్టు, వేరే డబ్బా విప్పు. లోపలికొచ్చి ఏ డబ్బాలోంచి ఎంత తీస్తోందో చూడటం అతని మర్యాదకు తక్కువ. రైఫిల్ పేల్చడం మగాడి పని, మిగతాదంతా గిన్నెలు కడగడం లాంటిదని అతని లెక్క.

ఆ రైఫిల్ ఆర్డిత్ నాన్నది. ఐనార్ అనే ఆ పెద్దమనిషి బారెల్ తెప్పించుకుని, వాల్‌నట్ దుంగ చెక్కి, రెండు చలికాలాలు కూర్చుని కట్టుకున్నాడు. కొడుకులు లేరు గనుక పెళ్ళప్పుడు కూతురికే ఇచ్చాడు. కూతురికిచ్చింది అల్లుడిదవడానికి ఎంతో సేపు పట్టలేదు. ఇంట్లో రైఫిల్ ఒకటి, పేల్చేవాడు ఒకడు అని వెండెల్ మొదటి ఏడాదే తేల్చేశాడు. ఆమెను వెనక కుర్చీలో, దుర్భిణి ముందు కూర్చోబెట్టాడు. గుండు ఎక్కడ తగిలిందో చెప్పడం ఆమె ఉద్యోగం.

వెనక కూర్చున్న మనిషికి టార్గెట్ ఒక్కటే కాదుగా కనిపించేది. ఒకరోజు ఆర్డిత్ దుర్భిణిలోంచి కన్ను తీసి మొగుణ్ణి చూసింది. వెండెల్ ట్రిగ్గర్ మీద వేలు బిగించాడు. తుపాకీ ఇంకా పేలనే లేదు, అతని కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, కుడి భుజం ముందుకు ఉలిక్కిపడింది. ఆ తర్వాత పేలింది. గుండు ఎడమవైపు కిందకి పోయింది. వెండెల్ వెనక్కి తిరిగి, చమురు చేతులదానా అన్నాడు. ఆర్డిత్‌కి ఆ క్షణాన ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. 

అప్పటినుంచి ఆమె చూస్తూనే ఉంది. ప్రతిసారీ కాదు, పదిలో రెండో మూడో సార్లు, తుపాకీ తన్నుతుందన్న భయం ఒంట్లోంచి పొంగి భుజం దాకా వచ్చేది. అంత లావు మనిషి, ఎద్దు కొమ్ములు వంచి పడేసేవాడు, చెవి పక్కన పేలే చప్పుడుకు దడుచుకునేవాడు. దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. అది అందరికీ వస్తుంది, అందరికీ పోతుంది. ఆర్డిత్‌కీ చిన్నప్పుడు వచ్చింది. అప్పుడు ఐనార్ ఒక ఉత్తుత్తి తూటా తయారు చేసి, మంచి తూటాల మధ్య చెప్పకుండా దాచాడు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, పేలలేదు, కానీ ఆమె చేతుల్లో తుపాకీ మూతి కప్పలా ఎగిరింది. చూశావా, భయపడింది రైఫిల్ కాదు, నువ్వు, అని నాన్న పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. వారం తిరిగేసరికి ఆ జబ్బు కుదిరింది. ఆ ప్రాంతంలో తుపాకీ పట్టిన ప్రతివాడూ పసితనంలో ఆ టిక్కుమనే చప్పుడు విన్నవాడే.

ఇంకో సంగతి కూడా ఉంది. నాలుగేళ్ళ కిందట వెండెల్ వేలానికి వెళ్ళిన రోజు, ఆర్డిత్ ఒంటరిగా టార్గెట్ నిలబెట్టి, వచ్చి పడుకుని, ఐదు తూటాలు పేల్చి, మళ్ళీ ట్రక్కులో వెళ్ళి చూసుకుంది. ఐదూ తన అరచేతి కింద దాగాయి. ఆ రైఫిల్‌కి ఏది నప్పుతుందో ఆవేళ తేలిపోయింది. దాన్ని ఆమె కాగితం మీద పెట్టలేదు, బుర్రలోనే పెట్టుకుంది. ఆపైన వెండెల్ ఎన్ని హుకుంలు జారీ చేసినా, సరే మార్చాను అని చెప్పి, అదే తూటా చేసి ఇచ్చింది. వెండెల్ మొదటి నాలుగూ పేల్చి, ఇప్పుడు చూడండి ఎంత తేడా వచ్చిందో, నేను చెప్పినట్టు చేస్తే ఇలా ఉంటుంది, అని మీసం దువ్వేవాడు. ఐదోది గాలికి పోయేది.

ఇలాగే ఎన్నేళ్ళయినా సాగేది, వెండెల్ నోరు రైఫిల్ మీదకి తిరగకపోయి ఉంటే. ఆ వసంతంలో అతనికి బారెల్ అరిగిపోయిందన్న అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం నాటినవాడు డ్యూయీ, అతని పెదనాన్న కొడుకు. సన్నటి మనిషి, పక్కవాడి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడే రకం. ఐనార్ రైఫిల్ మీద డ్యూయీకి ఆర్డిత్ పెళ్ళికి ముందు నుంచీ కన్నుంది. దాని బదులు తన దగ్గరున్న కొత్త రైఫిల్, మెరుస్తూ పెట్టెలో ఉన్నది, ఇస్తానన్నాడు. శనివారం షూటింగ్ జట్టు ముందు గురి పరీక్ష ఉందిగా, ఆవేళ కూడా తూటాలు దారి తప్పితే ఇచ్చేస్తా తీసుకుపో అన్నాడు వెండెల్, భోజనాల బల్ల దగ్గర, ఆర్డిత్ వడ్డిస్తుండగానే. ఆమెను ఒక్క మాట అడగలేదు. డ్యూయీ ఆమె వైపు చూసి, బంగాళాదుంపలు ఇంకాస్త వెయ్యమన్నాడు.

ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ ఆర్డిత్ నిర్ణయం తీసుకుంది. ఒక టోపీని నూనెలో నానబెట్టి చంపేసింది. మందు బదులు పొద్దున గంజి కాచుకునే గోధుమ రవ్వ పోసింది. వెండెల్‌కి తూటాను చెవి దగ్గర పెట్టి ఊపి చూసే అలవాటుంది, అందుకని చప్పుడు, బరువు సరిపోయేలా చూసుకుంది. పైన గుండు బిగించి, తూటాల చెక్కలో రెండో వరసలో గుచ్చింది. టిక్కుమంటుంది, భుజం ఉలిక్కిపడుతుంది, జట్టంతా చూస్తుంది. అప్పుడు ఓరిన్ అంకుల్ నోరు విప్పుతాడు. రైఫిల్ ఎక్కడికీ పోదు. వెండెల్ సిగ్గుపడాలని కూడా ఆమె కోరుకుంది, అబద్ధమెందుకు. కానీ ఆ సిగ్గులోంచే అతనికి నయమవుతుందని కూడా నమ్మింది.

ఓరిన్ ఐనార్‌కి ప్రాణ స్నేహితుడు. డెబ్భై దాటినా జట్టుకి అతనే పెద్ద. పేల్చే వరస దగ్గర అతను ఆగమంటే అందరూ ఆగాలి, పేల్చమంటే పేల్చాలి. ఆర్డిత్‌ని చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు. పెళ్ళిలో నాన్న పక్కన నిలబడినవాడు. ఈ మొత్తంలో ఆమె లెక్క వేసుకోనిది ఒకటే. వెయ్యి గజాల చదును, చివర గుళ్ళు దిగబడే మట్టి కొండ ఉన్న ఆ నేల వెండెల్‌ది. అలాంటి చోటు ఆ జిల్లాలో మరొకటి లేదు. దాని గేటు తాళం వెండెల్ జేబులో ఉంటుంది.

శనివారం పొద్దున మంచు కరుగుతుండగా అందరూ చేరారు. ట్రక్కు వెనక తలుపు దించి, ఫ్లాస్కుల్లో కాఫీ, ఎండబెట్టిన జింక మాంసం, ఆర్డిత్ చేసి తెచ్చిన దాల్చిన చెక్క రొట్టెలు పరిచారు. రొట్టెలు అద్భుతం అన్నారు. ఈ చేతులే తూటాలు కూడా చేశాయంటే నమ్మబుద్ధి కావట్లేదు, రొట్టెల్లో మందు పోయలేదు కదా అన్నాడొకడు. వెండెల్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇద్దరు మనుషులు టార్గెట్ దగ్గర గుంటలోకి దిగి, చిల్లు పడ్డ చోటల్లా బిళ్ళ పెట్టి పైకెత్తడానికి సిద్ధమయ్యారు.

వెండెల్ వంతు వచ్చింది. చాప మీద బోర్లా పడుకుని, మొదటి తూటాను చెవి దగ్గర ఊపి, లోపల పెట్టాడు. మొదటిది నడిమధ్యన తగిలింది. రెండోది దాని పక్కన. మూడు, నాలుగు కూడా అక్కడే. ఓరిన్ బాగుంది బాగుంది అంటూ గొణిగాడు. ఐదోదానికి భుజం ఉలికింది. గుంటలో వాళ్ళు బిళ్ళను ఎడమవైపు కింద, తెల్ల కాగితం అంచున పెట్టి చూపించారు.

వెండెల్ పడుకునే మెడ తిప్పాడు. "ఏమే, ఇందులో ఏం పోశావు? నీ బాబు బూడిదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఐనార్ పోయి ఎంతో కాలం కాలేదు. ఓరిన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆర్డిత్ దుర్భిణి ముందు నుంచి కదల్లేదు. చెక్కలో రెండో వరస మొదలైంది, రవ్వ తూటా ఉన్నది అందులోనే. ఆరో తూటా కాదు, ఏడోది కూడా కాదు. ఎనిమిదోది వెండెల్ ఊపి చూసి, తృప్తిగా తలాడించి, లోపల పెట్టాడు.

టిక్కుమంది.

తుపాకీ పేలలేదు. కానీ వెండెల్ పేలాడు. కళ్ళు బిగుసుకుపోయాయి, భుజం ముందుకు తన్నింది, అంత బరువైన రైఫిల్ మూతి జానెడు కిందకి కుంగి మళ్ళీ లేచింది. ఏ చప్పుడూ లేని ఆ నిశ్శబ్దంలో అది ఎంత స్పష్టంగా కనిపించిందంటే, కాఫీ పోస్తున్నవాడు పొయ్యడం ఆపేశాడు.  ప్రతివాడికీ తన చిన్నతనం, తన తండ్రి నవ్వు గుర్తొచ్చే ఉంటాయి. ఆర్డిత్ ఒక్కొక్క ముఖమే చూసింది. అందరూ చూశారు. ఆ క్షణాన ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది.

ఓరిన్ నియమం ప్రకారం, మూతి కొండవైపే ఉంచి కదలకుండా ఉండమన్నాడు. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి గనుక అంతా కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత వెండెల్ తూటా బయటికి తీశాడు. టోపీ మీద సూది దెబ్బ ఉంది, కానీ నిప్పు పుట్టలేదు. నూనె చేతులతో టోపీ ముట్టుకుంది, అంతే, అన్నాడు వెండెల్.  విప్పి చూద్దాం అని ఓరిన్ దాన్ని తూటాలు విప్పే బోలు సుత్తిలో బిగించి బల్ల మీద రెండు దెబ్బలు వేశాడు. గుండు ఊడింది. బల్ల మీద తెల్లగా గోధుమ రవ్వ పడింది.

వెండెల్ దాన్ని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. నెమ్మదిగా అతని ముఖంలోకి వెలుగు వచ్చింది. అలాంటి వెలుగు ఆర్డిత్ పెళ్ళినాడు కూడా చూడలేదు.

"ఇదన్నమాట," అన్నాడు. "ఇన్నేళ్ళూ ఇదన్నమాట. నా తూటాల్లో రవ్వ పోస్తోంది. నేను పిచ్చివాడిలా బారెల్‌ని తిట్టుకుంటున్నా."

"పాలు కూడా పోసి ఉంటే అక్కడే పడుకుని టిఫిన్ చేసేవాడివి," అన్నాడు డ్యూయీ. జట్టంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వులో ఎంత ఊరట ఉందో ఆర్డిత్‌కి వినిపించింది. నవ్వుకోవడానికి ఒకటి దొరికింది, ఇక చూసినదాన్ని చూడనక్కర్లేదు.

ఆర్డిత్ కుర్చీలోంచి లేచింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో పదిమంది ముందు ఆమె గొంతెత్తడం అదే మొదలు.

"తూటాలో ఏముందో తర్వాత చూద్దురు. ముందు భుజం చూశారా లేదా చెప్పండి. తుపాకీ పేలలేదు, మూతి ఎందుకు కుంగింది? ఓరిన్ అంకుల్, మీరు పక్కనే నిలబడ్డారు. నాన్న నాకు ఇదే చేశాడు, మీకూ మీ నాన్న చేశాడు. చూశారా, లేదా?"

ఓరిన్ టోపీ తీసి, నెత్తి గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. వెండెల్ జేబులో చెయ్యి పెట్టుకుని అతని వంకే చూస్తున్నాడు. ఆ జేబులో ఏముందో అందరికీ తెలుసు.

"నేను టార్గెట్ చూస్తున్నానమ్మాయ్," అన్నాడు ఓరిన్.

ఆమె తక్కినవాళ్ళ వైపు తిరిగింది. ఒకడు కాఫీ చూస్తున్నానన్నాడు. ఇంకొకడు ఆకాశంలో గద్ద ఏదో ఉందన్నట్టు తలెత్తాడు. ఒకరి తూటాలో ఇంకొకరు చెయ్యి పెట్టడం కంటే నీచమైన పని ఈ వరస మీద లేదని, బారెల్ పగిలి మనిషి చచ్చి ఉంటే ఎవరిది పాపమని, అందరూ తలా ఒక మాట అన్నారు. రవ్వతో బారెల్ పగలదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఓరిన్ ఆమెను కంచె అవతలికి వెళ్ళమన్నాడు. ఇక మీదట ఈ వరస దగ్గరికి రావద్దని, ఆమె చేసిన తూటా ఏదీ ఇక్కడ పేలకూడదని తీర్పు చెప్పాడు. చెప్తున్నప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేదు, అదొక్కటే అతను చేసిన మర్యాద.

మిగిలిన తూటాలన్నీ విప్పి చూశారు. ఇంటి నుంచి తెచ్చిన డబ్బాలోవి కూడా వదల్లేదు. ఇంకెక్కడా రవ్వ దొరకలేదు. తూచి చూడమని ఎవరూ అనలేదు, తూచితే ఏం తేలుతుందో కొందరికైనా అనుమానం ఉండే ఉంటుంది. మందంతా రాళ్ళ మీద వరసగా పోసి వెండెల్ అగ్గిపుల్ల గీశాడు. భుస్సుమని పసుపు మంట పాములా పాకి ఆరిపోయింది. ఒక చలికాలమంతా ఆమె కూర్చుని చేసిన పని అది. మంట బాగుందని చప్పట్లు కొట్టారు. కంచె పట్టుకుని నిలబడిన ఆర్డిత్‌కి ఆ పొగ వాసన గాలి లేకపోయినా తగిలింది.

అయినా ఆమెలో ఒక ఆశ మిగిలింది. వెండెల్ పరీక్ష పూర్తి కావాలి, అతని దగ్గర తూటాలు లేవు. అప్పుడు ఓరిన్ తన సొంత తూటాలు ఇచ్చాడు. ఇద్దరి రైఫిళ్ళూ ఒకే కొలతవి. ఒకరి రైఫిల్‌కి చేసిన తూటా ఇంకొకరు పేల్చకూడదన్నది వాళ్ళు ప్రాణం పోయినా తప్పని నియమం, దాన్ని ఓరిన్ అప్పటికప్పుడు పక్కన పెట్టేశాడు. ఆయన తూటాల్లో ఎవరూ తప్పు పట్టలేరు. పేల్చనీ, ఇప్పుడు ఎటు పోతారో చూస్తాను అనుకుంది ఆర్డిత్.

మొదటిది కాస్త కిందుగా తగిలింది. రెండోది దాని పక్కనే. వెండెల్ తల ఎత్తి, చూశారా, రవ్వ లేకపోతే ఎలా పోతుందో, అన్నాడు. మూడోదానికి భుజం ఉలికింది. కంచె అవతల నుంచి కూడా ఆమెకు కనిపించింది. గుంటలో బిళ్ళ ఎడమవైపు కింద, అదే అంచున లేచింది.

జట్టులో ఎవరూ కదల్లేదు. గాలి ఎటుందో చూసుకోవడానికి దారి పొడుగునా కట్టిన జెండాలు తడిబట్టల్లా వేలాడుతున్నాయి.

"గాలి," అన్నాడు ఓరిన్.

"గాలే," అన్నారు మిగతావాళ్ళు.

వెండెల్‌కి అది చాల్లేదు. అతనికి గాలి కాదు, దోషి కావాలి. లేచి కూర్చుని రైఫిల్ వంక, కంచె వంక చూశాడు. "గాలి కాదు. రెండూ ఒకటే జాతి. అది, దాని బాబు రైఫిల్," అన్నాడు. "డ్యూయీ, పట్టుకుపోరా దీన్ని. నా కళ్ళ ముందు ఉంచకు."

డ్యూయీ మొహమాటపడినట్టు నటించాడు. ఇంకోసారి ఆలోచించుకో అన్నాడు, అంటూనే రెండు చేతులూ చాచి అందుకున్నాడు. మెత్తటి గుడ్డతో బారెల్ తుడిచి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు సంచీలో పెట్టాడు. దానిలోని ఒక్క మర మీద కూడా అతనికి అనుమానం లేదు.

మిగతావాళ్ళ వంతు నడుస్తుండగా, డ్యూయీ సంచీ భుజాన వేసుకుని కంచె దగ్గరికి వచ్చాడు. ఆమెతో ఏదో జోకు వెయ్యడానికి వెళ్ళాడని వెనకవాళ్ళు అనుకోవాలని నవ్వుతూనే వచ్చాడు. దగ్గరికొచ్చాక గొంతు తగ్గించాడు.

"ఆర్డిత్, ఏ డబ్బా మందు వాడతావు? ఎంత? గుండు ఎంత లోతు?"

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"వాడికి మొదట్నుంచీ ఆ జబ్బుంది. వాత పెడుతున్న దూడలా ఎగురుతాడు, నేను చూళ్ళేదా? అందరం చూశాం. నువ్వు చేసే తూటా లాంటిది ఈ జిల్లాలో ఎవడూ చెయ్యలేడు. ఆ సంగతీ తెలుసు."

"అక్కడికెళ్ళి గట్టిగా చెప్పు ఆ మాట. నీకు అన్నీ చెప్తాను."

డ్యూయీ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎలా చెప్తాం? వాడు గేటు మూసేస్తే మేమెక్కడ పేల్చుకోవాలి? నువ్వు ఇంట్లో ఉండేదానివి, నీకేం పోయింది ఇప్పుడు?" అని, ఆమె జవాబు కోసం ఆగకుండా, జేబులోంచి పెన్ను తీసి అరచెయ్యి చాచాడు. "చెప్పు. నీ తూటా లేకపోతే ఈ రైఫిల్ ఎవరికీ పనికిరాదు. మీ నాన్న కోసమన్నా చెప్పు."

ఆర్డిత్ ఆ సంచీని చూసింది. బారెల్‌కి ఒక ఆయుష్షుంటుంది. ఇన్ని వేల తూటాలని ఉంటుంది, ఆపైన లోపలి గీతలు కాలిపోయి గురి పోతుంది. ఐనార్ బారెల్ సగం ఆయుష్షు వెండెల్ తినేశాడు. సరైన తూటా చేతిలో ఉంటే మిగిలిన సగం ఏళ్ళ తరబడి వస్తుంది. లేనివాడు రోజూ మందు మార్చి, లోతు మార్చి, పేల్చి పేల్చి వెతుక్కోవాలి. వెతుకుతూ వెతుకుతూ ఒక్క వేసవిలో దాన్ని కాల్చేస్తాడు. అందులోనూ దాదాపు దొరికింది, ఇంకొంచెం సర్దితే చాలు అనిపించే తూటా చేతిలో ఉన్నవాడు ఇంకా తొందరగా కాల్చేస్తాడు.

ఆమె చెప్పింది. ఐదో అరలో ఉండే డబ్బా పేరు చెప్పింది, తూకం చెప్పింది, గుండు లోతు చెప్పింది. మనిషికి ఏ హానీ చెయ్యని తూటా అది. మూడు గుళ్ళు ముద్దుగా ఒకేచోట తగిలి, నాలుగోది ఏ కారణం లేకుండా పక్కకి పోయే తూటా. ఆ రైఫిల్‌తో అది ఎప్పటికీ కుదరదని ఆమె ఒక చలికాలం మొత్తం పోగొట్టుకుని తెలుసుకుంది. గొంతు ఎక్కడా తడబడలేదు. డ్యూయీ అంకెలన్నీ అరచేతిలో రాసుకుని, మళ్ళీ చదివి వినిపించాడు. ఆమె ఒక అంకె సరిదిద్దింది కూడా.

"మంచిదానివి ఆర్డిత్," అన్నాడు డ్యూయీ. "వాడికి నీ విలువ తెలీదు."

అతను వెళ్తూ, సిరా చెరిగిపోకుండా అరచెయ్యి మీద ఊదుకున్నాడు. వెనక వరస దగ్గర ఎవరిదో గుండు నడిమధ్యన తగిలినట్టుంది, అందరూ అరుస్తున్నారు. వెండెల్ ఆ కేకల మధ్యనుంచే రొట్టెల డబ్బా ఖాళీ అయింది, వచ్చి తీసుకుపొమ్మని పిలిచాడు. నాన్న రైఫిల్‌ని తన నోటితోనే చంపిందని ఆర్డిత్‌కి తెలుసు.  అయినా డ్యూయీ పిడికిలి మూసేదాకా ఆ అరచేతిని చూస్తూ, ఒక్క అంకె కూడా చెరగకూడదని కోరుకుంటూ నిలబడింది.